కోర్టులో సాక్ష్యం చెప్పడం పగ తీర్చుకోవడం అవుతుందా?

ఎదురుచూపు
రెండేళ్ల క్రితం ఆస్తి తగాదా ముదిరి ఒక వ్యక్తి మా తమ్ముడిని ఇనుప కడ్డీతో కొట్టాడు. తమ్ముడి ఎడమ కన్ను పోయింది. ఆ సమయంలో అక్కడ ఉన్నది నేనొక్కడినే. కేసు ఇప్పుడు విచారణకు వచ్చింది, వచ్చే నెల నేను కోర్టులో సాక్ష్యం చెప్పాలి. కొట్టిన వ్యక్తి కుటుంబం కూడా మా సంఘంలోనే ఉంది. మొన్న ఆరాధన ముగిశాక ఇద్దరు సంఘ పెద్దలు నన్ను పక్కకు పిలిచి, శత్రువులను ప్రేమించమని క్రీస్తు చెప్పాడనీ, పగ తీర్చడం ప్రభువు పని గనుక నేను బోనెక్కితే వాక్యానికి ఎదురు తిరిగినట్టేననీ అన్నారు. "సరిగా గుర్తు లేదని చెప్పు, అంతా సర్దుకుంటుంది" అని కూడా అన్నారు.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కానీ ఇంటికి వచ్చాక మరో సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఆ మనిషికి శిక్ష పడుతుందన్న ఆలోచన నాకు తియ్యగా ఉంది. జైలు తలుపు అతని వెనుక మూసుకోవడం నేను మనసులో ఎన్నోసార్లు చూసుకున్నాను. పెద్దలు చెప్పింది తప్పే కావచ్చు గాని నాలో ఉన్నది మాత్రం పగే. ఇలాంటి మనసుతో సాక్ష్యం చెప్పవచ్చా? రోమా పత్రిక 12, 13 అధ్యాయాలు మళ్లీ మళ్లీ చదివాను. ఒకటి ఆగమన్నట్టు, రెండోది వెళ్లమన్నట్టు ఉంది.

గలిలయ77
"గుర్తు లేదని చెప్పు" అనడం క్షమించమని చెప్పడం కాదు, అబద్ధమాడమని చెప్పడం. ముందు ఆ రెండింటినీ విడదీసి చూడండి.

కొవ్వొత్తి
తమ్ముడు ఏమంటున్నాడు? కన్ను పోయింది అతనిది. క్షమించాలా వద్దా అన్న మాట మొదట అతని నోటి నుంచి రావాలి. దెబ్బ తగలని పెద్దలు దెబ్బ తిన్నవాడి తరఫున క్షమాపణ పంచిపెట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాదు.

రోమా_పాఠకుడు
రెండు అధ్యాయాలు రెండు వైపులకు లాగుతున్నట్టు కనిపించడానికి కొంత కారణం మన అనువాదం, కొంత కారణం అధ్యాయాల విభజన. పౌలు వ్రాసిన పత్రికలో అధ్యాయాల సంఖ్యలు లేవు, అవి 13వ శతాబ్దంలో వచ్చాయి. 12వ అధ్యాయం చివర "మీకు మీరే పగతీర్చుకొనక దేవుని ఉగ్రతకు చోటియ్యుడి" అన్న పౌలు, నాలుగైదు వాక్యాలు దాటగానే అధికారిని గురించి "కీడు చేయువానిమీద ఆగ్రహము చూపుటకై ప్రతికారము చేయు దేవుని పరిచారకుడు" అన్న అర్థంలో వ్రాశాడు. మనకు తెలుగులో ఒకచోట ఉగ్రత, మరోచోట ఆగ్రహం అని కనిపిస్తుంది. గ్రీకులో రెండుచోట్లా ఒకే మాట, ఓర్గే. అలాగే "పగతీర్చుట" అన్నచోట ఎక్దికేసిస్ అని ఉంటే, "ప్రతికారము చేయు" అన్నచోట దాని తోబుట్టువైన ఎక్దికోస్ ఉంది. నీ చేతుల్లోంచి తీసుకున్న పనినే దేవుడు కొంతమేరకు అధికారి చేతిలో పెట్టాడని పౌలు చెబుతున్నాడు. ఆ రెండు అధ్యాయాలూ కొట్టుకోవడం లేదు, ఒకదాని చేతిలోంచి మరొకటి అందుకుంటున్నాయి.

ఇంకొకటి. లూకా 18లో విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరకు పదే పదే వెళ్లి "న్యాయము తీర్చుము" అని అడిగినప్పుడు కూడా అదే కుటుంబానికి చెందిన క్రియాపదం ఉంది. ప్రభువు ఆమెను పగబట్టిన మనిషిగా చూపలేదు, విసుగక ప్రార్థించడానికి మాదిరిగా చూపాడు. తనపై అన్యాయం జరిగిందని న్యాయస్థానం తలుపు తట్టడం తనంతట తానే పాపమైతే, ఆ ఉపమానం నిలబడదు.

మెన్నో_దారి
రోమా_పాఠకుడు గారు గ్రీకు మాటలు సరిగానే చూపించారు గాని వాటి నుంచి తీసిన ముగింపుతో నేను ఏకీభవించను. దేవుడు ఒకరిని వాడుకున్నాడు అంటే ఆ పనిలో విశ్వాసి చేరవచ్చని అర్థం కాదు. యెషయా 10లో అష్షూరును దేవుడు తన కోపమనే దండముగా పిలిచాడు, అదే అధ్యాయంలో అష్షూరు గర్వాన్ని శిక్షిస్తానని కూడా చెప్పాడు. అంత మాత్రాన యెరూషలేము వాళ్లు అష్షూరు సైన్యంలో చేరాలని ఎవరూ అనరు. 13వ అధ్యాయం అంతా అధికారిని "వారు" అనీ, విశ్వాసులను "మీరు" అనీ పిలుస్తుంది. శిక్షించే ఖడ్గం వాళ్లది, ప్రేమ మనది.

1527లో స్విట్జర్లాండ్‌లోని ష్లైట్‌హైమ్‌లో సమావేశమైన అనాబాప్టిస్టులు, అంటే నమ్మి ఒప్పుకున్నవాళ్లకే బాప్తిస్మం ఇవ్వాలన్న మా మెన్నోనైటుల పూర్వులు, ఖడ్గాన్ని గురించి చెప్పింది ఇదే. అది దేవుడు నియమించినదే గాని "క్రీస్తు పరిపూర్ణతకు వెలుపల" ఉన్నదని వాళ్లు వ్రాసుకున్నారు. ఆ వాక్యాలను వ్రాసినవాడిగా పేరున్న మిఖాయేల్ సాట్లర్‌ను అదే సంవత్సరం మే నెలలో చిత్రహింసలు పెట్టి మంటల్లో కాల్చి చంపారు, ఆ శిక్ష వేసింది కూడా న్యాయస్థానమే. అధికారి "దేవుని పరిచారకుడు" అన్నప్పుడు ఆ న్యాయస్థానాన్ని కూడా గుర్తు పెట్టుకోవాలి.

న్యాయవాది_ఎస్తేరు
మెన్నో_దారి గారూ, సాక్షి ఖడ్గం పట్టడు. క్రిమినల్ కేసు నడిపేది ప్రభుత్వం, తీర్పు చెప్పేది న్యాయమూర్తి, శిక్ష అమలు చేసేది జైలు. సాక్షి చేసే పని ఒక్కటే, తాను చూసింది చెప్పడం. లేవీయకాండము 5:1 ప్రకారం, తాను చూసినది సాక్షిగా తెలియజేయకుండా దాచినవాడు దోషం మోయాలి. అంటే మౌనంగా ఉండడం పవిత్రమైన మధ్యస్థ స్థానం కాదు, ధర్మశాస్త్రం దానిని పాపాల జాబితాలోనే పెట్టింది.

మెన్నో_దారి
ద్వితీయోపదేశకాండము 17:7 కూడా చదవండి. మరణశిక్ష వేసేటప్పుడు మొదట సాక్షుల చేతులు అతనిమీద పడాలి, తరువాత జనులందరి చేతులు పడాలి. సాక్ష్యం చెప్పినవాడే మొదటి రాయి వేయాలి. సాక్షికి శిక్షతో సంబంధం లేదన్న మాటను ధర్మశాస్త్రం ఒప్పుకోదు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ విషయంలో "పాపము లేనివాడు మొదట రాయి వేయవచ్చును" అని యోహాను 8లో ప్రభువు అన్నప్పుడు ఆయన చూపు పడింది సరిగ్గా ఆ సాక్షుల మీదనే.

గలిలయ77
ఈ మాట నేను ఎప్పుడూ ఆలోచించలేదు. యోహాను 8ని వందసార్లు విన్నాను గాని "మొదట" అన్న పదం సాక్షులను ఉద్దేశించినదని ఎవరూ చెప్పలేదు.

న్యాయవాది_ఎస్తేరు
ఆ వచనం నా వాదనను దెబ్బతీయదు, బలపరుస్తుంది. సాక్షి చేతితోనే మొదటి రాయి వేయించడం ఎందుకు? తన మాటకు పర్యవసానం ఏమిటో కళ్లతో చూసే ధైర్యం లేనివాడు ఆ మాట చెప్పకూడదని. చెప్పే మాట బరువును గుర్తు చేసే నియమం అది, చెప్పవద్దనే నియమం కాదు.

సీయోను_కుమార్తె
ఇక్కడ ఇంతసేపూ గ్రీకు, హీబ్రూ నడుస్తున్నాయి. నేను నా సంగతి చెబుతాను.

తొమ్మిదేళ్లు నా భర్త నన్ను కొట్టాడు. నేను మూడుసార్లు సంఘానికి వెళ్లాను. మూడుసార్లూ "శత్రువును ప్రేమించు, రెండో చెంప చూపు, మౌనంగా ఉన్న గొర్రెపిల్లను చూడు" అన్నారు. మూడోసారి వచ్చేటప్పటికి నా చేతికి కట్టు ఉంది. నేను ప్రేమించకపోవడం వల్ల అతను కొట్టడం లేదు, ఆపేవాళ్లు లేకపోవడం వల్ల కొడుతున్నాడని తెలిసిన రోజు పోలీసు స్టేషనుకు వెళ్లాను. అతనికి శిక్ష పడింది. ఆ శిక్ష పడిన తరువాతే నేను అతని కోసం భయం లేకుండా ప్రార్థించగలిగాను. అంతకుముందు నేను చేసిన ప్రార్థనలు ప్రార్థనలు కావు, ఈ రాత్రి కొట్టవద్దని వేడుకోవడం మాత్రమే.

ప్రేమించమనే ఆజ్ఞను దెబ్బలు తినేవాళ్లకే వినిపించి, కొట్టేవాళ్లకు వినిపించని సంఘం ఆ ఆజ్ఞను చదవడం లేదు.

కొవ్వొత్తి
సిస్టర్, ఇది వ్రాసినందుకు కృతజ్ఞతలు. మరణం వరకు వెళ్లిన ప్రభువు కూడా ప్రధానయాజకుని ఎదుట బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు రెండో చెంప మౌనంగా చూపలేదు. "నేను కాని మాట పలికినయెడల ఆ కాని మాట యేదో చెప్పుము, మంచి మాట పలికినయెడల నన్నేల కొట్టుచున్నావు" అని అడిగాడు. అది యోహాను 18:23. తిరిగి కొట్టలేదు, కానీ ఆ దెబ్బ అన్యాయమని అందరి ముందూ చెప్పాడు. పౌలు కూడా ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించి రహస్యంగా పంపేస్తామంటే ఒప్పుకోలేదు, అధికారులే వచ్చి తీసుకుపోవాలన్నాడు. కైసరు ఎదుట చెప్పుకొంటానని అడిగింది కూడా ఆయనే.

బెరయ_1969
1 కొరింథీయులు 6వ అధ్యాయం ఎవరూ ప్రస్తావించలేదేమి? సహోదరుడు సహోదరుని మీద అవిశ్వాసుల ఎదుట వ్యాజ్యమాడడం పరాజయమనీ, అన్యాయం సహించడం మేలనీ పౌలు సూటిగా చెప్పాడు. రెండు కుటుంబాలూ ఒకే సంఘంలో ఉన్నప్పుడు సంఘ పెద్దలు కలుగజేసుకోవడం వాక్యానుసారమే. వాళ్లను ఇంత తేలికగా తీసిపారేయడం సరికాదు.

రోమా_పాఠకుడు
బెరయ గారి మాట తోసిపుచ్చదగినది కాదు. అయితే ఆ అధ్యాయంలో పౌలు మాట్లాడుతున్నది "ఈ జీవన సంబంధమైన" తగాదాల గురించి, మోసపోవడం, నష్టపోవడం గురించి. ఆస్తి వాటాల మీద ఈ రెండు కుటుంబాల మధ్య ఉన్న తగాదాను సంఘం కూర్చోబెట్టి తీర్చవచ్చు, రెండేళ్ల క్రితం తీర్చి ఉంటే ఇంకా బాగుండేది. కన్ను పోగొట్టడం ఆ కోవలోకి రాదు. కీడు చేసేవాడి విషయం వచ్చినప్పుడు అదే పౌలు, 1 పేతురు 2:14లో పేతురు కూడా, దానిని అధికారి పనిగానే చెప్పారు. పెద్దలు ఆస్తి తగాదాలో చేయాల్సిన పని చేయకుండా, నేరం విషయంలో చేయకూడని పని చేస్తున్నారు.

బెరయ_1969
ఆ తేడాను నేను ఒప్పుకుంటాను. అయినా కోర్టు ఒక్కటే చాలదు. శిక్ష పడ్డాక కూడా ఆ రెండు కుటుంబాలు ఒకే బల్లలో పాలుపొందాలి.

పాతనిబంధన_విద్యార్థి
"కంటికి కన్ను" గురించి ఎవరో ఒకరు మాట్లాడతారని చూస్తున్నాను, ఈ కేసులో పోయింది కన్నే గనుక. చాలామంది దానిని పగకు ఇచ్చిన అనుమతి అనుకుంటారు. అది పగకు వేసిన కంచె. ఆదికాండము 4లో లెమెకు తనకు దెబ్బ తగిలితే డెబ్బది యేడంతలు తీర్చుకుంటానని భార్యల ముందు గొప్పలు చెప్పుకున్నాడు. ఒక కంటికి ఒక కన్నే, అంతకు మించి వద్దు, అదీ న్యాయాధిపతుల ఎదుటే అని ధర్మశాస్త్రం ఆ లెమెకు చేతిని పట్టి ఆపింది. ఆ తరువాత ప్రభువు పేతురుకు డెబ్బది యేళ్లమారులు క్షమించమని చెప్పినప్పుడు లెమెకు లెక్క పూర్తిగా తలకిందులైంది. కొండమీది ప్రసంగంలో ఆయన న్యాయస్థానం కొలబద్దను తన గాయం మీద తానే ప్రయోగించుకునే మనిషితో మాట్లాడుతున్నాడని నా అభిప్రాయం.

ఆ మాట ధర్మశాస్త్రంలో మూడుచోట్ల వస్తుంది. నిర్గమకాండము 21లో, లేవీయకాండము 24లో గాయాల గురించి వస్తుంది. మూడోది ద్వితీయోపదేశకాండము 19. అక్కడ అది కొట్టినవాడి గురించి కాదు, అబద్ధసాక్షి గురించి. సహోదరునికి తాను చేయదలచినదే అతనికి చేయాలని చెప్పి, ప్రాణమునకు ప్రాణము, కంటికి కన్ను అంటుంది. సాక్ష్యం చెప్పబోయే మనిషి ఈ మూడోదాన్ని తప్పక చదవాలి.

ఎదురుచూపు
అందరి మాటలూ చదువుతున్నాను. కొవ్వొత్తి గారు అడిగినదానికి జవాబు చెబుతాను. తమ్ముడు క్షమించలేదు, క్షమించనని కూడా అనడు, ఆ విషయం ఎత్తితే లేచి వెళ్లిపోతాడు. ద్వితీయోపదేశకాండము 19 ఇప్పుడే తెరిచి చదివాను. దాని గురించి తరువాత వ్రాస్తాను.

చరిత్రలో_సంఘం
ఈ చర్చలో ఉన్న ప్రశ్నే దాదాపు అచ్చంగా 412 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలో వచ్చింది. ప్రధాన సంఘం నుంచి విడిపోయిన దోనాతిస్టు వర్గానికి చెందిన కొందరు రెస్తితూతుస్ అనే గురువును చంపారు, ఇన్నొకెంతియుస్ అనే మరో గురువును కొట్టి, అతని కన్ను పీకి వేలు నరికారు. నేరస్థులు ఒప్పుకున్నారు. విచారణ జరిపిన అధికారి మార్సెల్లీనుస్ క్రైస్తవుడు, అక్కడి బిషప్పు అగస్టీనుకు స్నేహితుడు. అగస్టీను అతనికి ఉత్తరం వ్రాసి, దెబ్బతిన్నది తన తోటి సేవకులే అయినా, ఆ నేరస్థులకు వాళ్లు చేసినట్టే చేయవద్దని బతిమాలాడు. వాళ్లు మళ్లీ నేరం చేయకుండా ఆపే అధికారాన్ని వదులుకోమని అడగలేదు. అవయవాలన్నీ క్షేమంగా ఉంచి, వాళ్లను ఏదైనా ఉపయోగకరమైన పనిలో పెట్టమని అడిగాడు. దేవుని సేవకులు పడిన బాధకు అదే బాధతో బదులు తీర్చినట్టు కాకూడదన్నది ఆయన ఆవేదన.

ఆ ఉత్తరంలో నన్ను ఎప్పుడూ ఆపేసేది ఒకటే. ఆయన విచారణను ఆపమనలేదు, నేరాన్ని దాచమనలేదు. నిజం పూర్తిగా బయటికి వచ్చిన తరువాతే దయ కోసం అడిగాడు. మన పెద్దలు దయ కోసం నిజాన్ని దాచమంటున్నారు.

మెన్నో_దారి
అదే అగస్టీను ఆ దోనాతిస్టుల మీద ప్రభుత్వ బలవంతాన్ని సమర్థించాడు, "లోపలికి వచ్చుటకు వారిని బలవంతము చేయుము" అన్న ఉపమాన వాక్యాన్ని దానికి వాడాడు. ఆ వాదన తరువాతి శతాబ్దాల్లో ఎంత మందిని బలిగొన్నదో మా పూర్వులకు తెలుసు. ఇంకో సంగతి కూడా చెప్పండి. దయ చూపమని ఆయన ఎవరికి వ్రాశాడో ఆ మార్సెల్లీనుస్‌నే 413లో తిరుగుబాటు అనుమానం మీద ప్రభుత్వం చంపించింది.

చరిత్రలో_సంఘం
రెండూ నిజమే, నేను కాదనను. ప్రభుత్వ న్యాయాన్ని నమ్మి గుడ్డిగా ఉండరాదనడానికి మార్సెల్లీనుస్ మరణం కంటే బలమైన ఉదాహరణ ఆ కాలంలో నాకు కనబడదు. పౌలు రోమా పత్రిక వ్రాసే నాటికి సింహాసనం మీద ఉన్నది, తరువాత క్రైస్తవులను హింసించిన నీరో చక్రవర్తి. ప్రకటన 13లో అదే రోమా అధికారం మృగంగా కనిపిస్తుంది. రోమా 13 చదివేవాడు ప్రకటన 13 కూడా చదవాలి.

కొవ్వొత్తి
మెన్నో_దారి గారిని ఒకటి అడగాలి. మీ ఇంటి పక్కన ఒక పిల్లను కొడుతున్నారు, మీరు చూశారు. కోర్టు పిలిస్తే ఏం చేస్తారు?

మెన్నో_దారి
చూసింది చెబుతాను. చెప్పకుండా ఉండలేను. కానీ శిక్ష వేయమని అడగను, చెప్పిన తరువాత కొట్టినవాడి దగ్గరకు కూడా వెళతాను. సీయోను_కుమార్తె గారి మాట చదివాక నేను చాలాసేపు ఏమీ వ్రాయలేకపోయాను. నేను మొదట వ్రాసిన దానిలో ఆవిడకు చోటు లేదు, అది నా లోపం.

అయినా నేను వదలని మాట ఒకటి ఉంది. 1569లో డిర్క్ విల్లెమ్స్ అనే మా విశ్వాసి నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్‌లో చెర నుంచి తప్పించుకుని గడ్డకట్టిన నీళ్ల మీదుగా పరుగెత్తుతుండగా, వెంబడించినవాడు మంచు పగిలి లోపల పడిపోయాడు. డిర్క్ వెనక్కి తిరిగి అతన్ని పైకి లాగాడు. ఆ లాగినందుకే దొరికిపోయాడు, అతన్ని మంటల్లో కాల్చి చంపారు. శత్రువును ప్రేమించడం అనే మాట వినగానే మనం ఇంత త్వరగా "అయినా న్యాయం కూడా ముఖ్యమే" అంటున్నామంటే, ఆ వెనక్కి తిరిగిన మనిషిని చూడడానికి మనకు భయంగా ఉందేమోనని నా అనుమానం.

సీయోను_కుమార్తె
ఆ మనిషి తన ప్రాణంతో వెనక్కి తిరిగాడు. ఇంకొకరి ప్రాణంతో కాదు. అది మీరు ఒప్పుకుంటే మన మధ్య పెద్ద తేడా లేదు.

మెన్నో_దారి
ఒప్పుకుంటాను.

గలిలయ77
ప్రొటెస్టెంటు సంస్కర్త లూథరు కూడా 1523లో దాదాపు ఇదే గీత గీశాడు. తన కోసమైతే క్రైస్తవుడు అన్యాయాన్ని సహించాలి, పొరుగువాడి కోసమైతే ఊరుకోకూడదు, కావలసి వస్తే న్యాయాధికారి పదవి కూడా చేపట్టాలి అన్నాడు. ఒక మెన్నోనైటును, ఒక లూథరనును ఒకే చర్చలో ఇంత దగ్గరగా చూడడం నాకు సంతోషంగా ఉంది.

చెరసాల_పరిచర్య
పదకొండేళ్లుగా జైళ్లకు వెళుతున్నాను. ఇక్కడ శిక్ష అనే మాట చాలాసార్లు వచ్చింది గాని, శిక్ష అనుభవించేవాడి వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు.

నేను చూసినంతవరకు లోపల ఉన్నవాళ్లలో తమ నేరం గురించి నిజంగా పశ్చాత్తాపపడినవాళ్లు ఎక్కువగా, ఎవరో ఒకరు తమ ముఖం మీదే నిజం చెప్పగా విన్నవాళ్లు. సాక్ష్యం ముక్కలైపోయి బయటపడినవాళ్లు నాకు తరచూ మళ్లీ కనబడ్డారు. ఒక ఖైదీ తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన ముసలావిడ గురించి చెబుతూ, "ఆమె నా గురించి ఒక్క మాట కూడా పెంచి చెప్పలేదు, అందుకే ఆమెను ద్వేషించలేకపోయాను" అన్నాడు. న్యాయవాది ప్రశ్నలకు ఆమె "అది నేను చూడలేదు" అని నాలుగుసార్లు అన్నదట. ఆ నాలుగుసార్లూ ఆమె తన కోసమే అన్నదని అతను నమ్ముతున్నాడు.

క్షమించడం, విడిపించడం ఒకటి కాదు. రెండవ జాన్ పాల్ పోపు 1981 మే 13న తన మీద కాల్పులు జరిపినవాడిని కొద్ది రోజుల్లోనే క్షమిస్తున్నానని ప్రకటించాడు, 1983 డిసెంబరులో చెరసాలకు వెళ్లి అతనితో కూర్చుని మాట్లాడాడు. శిక్ష మాత్రం కొనసాగింది. ఇటలీ అధ్యక్షుడు అతనికి క్షమాభిక్ష పెట్టింది 2000లో. పగను తీసివేయడానికి శిక్షను తీసివేయవలసిన పని లేదు, శిక్ష ఉన్నంత మాత్రాన చెరసాలకు వెళ్లకుండా ఉండవలసిన పనీ లేదు.

కొవ్వొత్తి
గ్లాడిస్ స్టెయిన్స్ గారిని కూడా తలచుకోవాలి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ అయిన ఆవిడ భర్తనూ ఇద్దరు కొడుకులనూ, వాహనంలో నిద్రిస్తుండగా దానికి నిప్పుపెట్టి చంపారు. చంపినవాళ్లను క్షమిస్తున్నానని ఆవిడ చెప్పింది, కుష్ఠురోగుల మధ్య పనిని విడిచిపెట్టలేదు. కేసు దాని దారిన అది నడిచింది. ప్రధాన నిందితుడికి 2003లో కింది కోర్టు వేసిన మరణశిక్షను 2005లో హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దానినే ఖాయం చేసింది. ఆవిడ క్షమించడం వల్ల న్యాయస్థానం మూతపడలేదు, న్యాయస్థానం నడవడం వల్ల ఆవిడ క్షమాపణ అబద్ధం కాలేదు.

బెరయ_1969
నేను ముందు అన్న మాటకు తిరిగి వస్తాను. కోర్టు తరువాత ఏమిటి? 1974లో కెనడాలోని ఎల్మైరా అనే ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు ఒకే రాత్రి ఇరవైకి పైగా ఆస్తులను పాడుచేసినప్పుడు, ఒక మెన్నోనైటు ప్రొబేషన్ అధికారి సూచన మీద న్యాయమూర్తి వాళ్లను ఆ ఇళ్లన్నిటికీ నడిపించాడు. వాళ్లు ప్రతి తలుపూ తట్టి, నష్టపోయినవాళ్లతో మాట్లాడి, తరువాత నష్టపరిహారం కట్టారు. నేరస్థుడూ బాధితుడూ ఎదురెదురుగా కూర్చునే పద్ధతి అనేక దేశాల్లో వ్యాపించడానికి అది నాంది అయింది. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు కదా, అతను మొదట ఒప్పుకున్నాడు, తరువాత ఇచ్చాడు. ఎదురుచూపు గారి సంఘ పెద్దలకు నిజంగా సమాధానం కావాలంటే కొట్టినవాడి చేత మొదటి మాట ఒప్పించాలి. తమ్ముడి కంటి వైద్యానికి అయిన ఖర్చు గురించి ఆ కుటుంబంతో ఇప్పటివరకు ఏ పెద్దయినా మాట్లాడారా?

ఎదురుచూపు
లేదు. ఎవరూ మాట్లాడలేదు.

న్యాయవాది_ఎస్తేరు
అలాంటి సమావేశం ఏదైనా తీర్పు తరువాతో, కోర్టుకు తెలిసో జరగాలి. విచారణకు ముందు సాక్షిని కూర్చోబెట్టి మాట్లాడడం సాక్షిని ప్రభావితం చేయడం అవుతుంది. పెద్దలు ఆదివారం చేసింది అదే, వాళ్లకు ఆ సంగతి తెలియకపోవచ్చు, మర్యాదగా తెలియజేయండి.

పాతనిబంధన_విద్యార్థి
ఎదురుచూపు గారు మొదట అడిగిన ప్రశ్న, పగ ఉన్న మనసుతో సాక్ష్యం చెప్పవచ్చా అన్నది, ఇంకా అలాగే ఉంది. నా జవాబు చెబుతాను. మనసు శుభ్రమయ్యేదాకా ఆగితే ఎవరూ ఎప్పుడూ ఏ సాక్ష్యమూ చెప్పలేరు. పగ ఉన్నదని దేవునికి చెప్పుకోవడానికి కీర్తనల్లో చోటుంది. 94వ కీర్తన "ప్రతికారము చేయు దేవా" అని మొదలవుతుంది, 137వ కీర్తన ముగింపు చదవడానికే భయమేస్తుంది. ఆ మాటలు కత్తి పట్టుకుని శత్రువు ఇంటికి వెళ్లినవాళ్లవి కావు, దేవుని దగ్గరకు తెచ్చి అక్కడ దించిపెట్టినవాళ్లవి. తనను చంపాలని వెంటాడుతున్న సౌలు గుహలో తన చేతికి చిక్కినప్పుడు దావీదు తన ఫిర్యాదును మింగేయలేదు, పైకే చెప్పాడు. "యెహోవా నాకును నీకును మధ్య న్యాయము తీర్చును" అన్నాడు, చేయి మాత్రం వేయలేదు.

పగ మీ మనసులో ఉండడం ఒక సంగతి, అది మీ వాఙ్మూలంలోకి రావడం మరో సంగతి. రెండోది మీ చేతిలో ఉంది.

ఎదురుచూపు
వాఙ్మూలం అన్న మాట మీరు తెలియకుండానే వ్రాశారు గాని అది నాకు తగిలింది. మొన్న ద్వితీయోపదేశకాండము 19 గురించి తరువాత వ్రాస్తానన్నాను. రెండు రోజులు ఆగి వ్రాస్తున్నాను.

దాడి జరిగిన రాత్రి నేను పోలీసులకు ఇచ్చిన వాఙ్మూలంలో ఒక వాక్యం ఉంది. కొట్టే ముందు అతను "ఈ రోజు నిన్ను చంపేస్తాను" అని అరిచాడని చెప్పాను. అతను ఏదో అరిచాడు. ఏమని అరిచాడో నాకు వినపడలేదు. తమ్ముడి ముఖం నిండా రక్తం చూశాను, ఆ వాక్యం నా నోటికి వచ్చింది, వాళ్లు వ్రాసుకున్నారు. రెండేళ్లలో ఎంతోమందికి అదే చెప్పాను, ఒకప్పుడు నాకే నిజంగా విన్నట్టు అనిపించేది. అబద్ధసాక్షి సహోదరునికి చేయదలచినదే అతనికి చేయాలన్న వాక్యం చదివినప్పుడు ఆ రాత్రి మళ్లీ గుర్తుకు వచ్చింది. నేను వినలేదు.

పెద్దలు నన్ను అబద్ధమాడమన్నారని ఇక్కడ కోపంగా వ్రాశాను. నేను అంతకుముందే ఆడాను, వేరే వైపు నుంచి.

చెరసాల_పరిచర్య
బ్రదర్, ఇది చెప్పడానికి ఎంత కష్టపడ్డారో తెలుస్తోంది. ఇంకా సమయం ఉంది.

న్యాయవాది_ఎస్తేరు
ఆలస్యం చేయకుండా ప్రభుత్వం తరఫు న్యాయవాదికి ముందుగానే చెప్పండి, బోనులో ఎదురు ప్రశ్నల్లో మొదటిసారి బయటపడనివ్వవద్దు. ఆ వాక్యం పోతే చంపే ఉద్దేశం ఉందన్న ఆరోపణ బలహీనపడవచ్చు, శిక్ష తగ్గవచ్చు. అది తెలిసే చెప్పండి. కడ్డీతో కొట్టడం, కన్ను పోవడం మీరు చూసినవి, అవి అలాగే ఉంటాయి. మీరు చూసినదానికి విలువ నిలిచేది మీరు చూడనిదాన్ని తీసేసినప్పుడే.

మెన్నో_దారి
ఎదురుచూపు గారూ, మీరు సాక్ష్యం చెప్పాలా వద్దా అని నేను ఇన్ని పోస్టుల్లో వాదించాను. వెళ్లండి. ఆ ఒక్క వాక్యాన్ని మీ నోటితో మీరే తీసివేయబోతున్నారు చూశారా, శత్రువును ప్రేమించడానికి న్యాయస్థానంలో ఇంతకంటే చోటు ఉంటుందని నేను అనుకోలేదు.

సీయోను_కుమార్తె
శిక్ష తగ్గితే తమ్ముడు మీ మీద కోపపడవచ్చు. దానికి కూడా సిద్ధపడండి. దెబ్బతిన్నవాడికి ఆ కోపం హక్కు, వెంటనే క్షమించమని అతని మీద పడకండి. ఆ పని మీ సంఘ పెద్దలు ఇప్పటికే చాలినంత చేశారు.

ఎదురుచూపు
ఈ రోజు ఉదయం ప్రభుత్వ న్యాయవాదిని కలిసి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కాగితం తీసుకుని, మిగిలిన వాఙ్మూలం అంతా ఒక్కొక్క వాక్యం చదివి, "ఇది చూశారా, ఇది చూశారా" అని అడిగారు. మిగిలినవన్నీ చూసినవే. బయటికి వచ్చేటప్పుడు వరండాలో కొట్టిన వ్యక్తి తల్లి కూర్చుని ఉంది. రెండేళ్లుగా ఆమె ఎదురైతే నేను తల తిప్పుకునేవాడిని. ఈసారి తిప్పుకోలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు.

కొవ్వొత్తి
తమ్ముడికి చెప్పారా?

ఎదురుచూపు
ఇంకా లేదు. ఈ రాత్రి చెబుతాను. లేచి వెళ్లిపోతే, వచ్చేదాకా అక్కడే కూర్చుంటాను.